కయాక్ కొనేముందు అడుగు తడిమి చూడండి

చెన్నై దగ్గరి కోవళం ఇసుకలో కయాక్‌ని, అంటే కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవని బోర్లించి, అరచేత్తో దాని అడుగు తడమండి. రంగు, సీటు సంగతి తర్వాత. చెన్నైలో ఆరేళ్లుగా తెడ్డేస్తున్నాను, సలహా అడిగిన ప్రతివాళ్లతోనూ ముందు ఈ పనే చేయిస్తాను.

అడుగు బల్లపరుపుగా, వెడల్పుగా ఉంటే అది నిలకడ నీళ్ల పడవ. పొద్దున్నే ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో తిరగడానికి, పులికాట్‌లో పక్షుల ఫొటోలు తీసుకోవడానికి హాయిగా ఉంటుంది. మొదటి ఏడాది నేను అలాంటిదాన్నే సముద్రంలోకి దించాను. పక్క నుంచి కెరటం వచ్చింది. నీళ్లు ఎటు వాలితే బల్లపరుపు అడుగు అటే వాలుతుంది. తేరుకునేలోపే బోల్తా. ఎక్కగానే కదలకుండా ఉంది కదా అని సముద్రానికి మాత్రం తీసుకెళ్లకండి.

అడుగు కాస్త ‘వి’ ఆకారంలో ఉండి, పక్కన పదునైన మడత చేతికి తగిలితే అది గ్రీన్‌ల్యాండ్ పోలిక. సీల్ అనే సముద్ర జంతువుని వేటాడేవాళ్లు కొయ్య చట్రానికి తోలు తొడిగి కట్టుకున్న ఆకారం అది. సన్నగా ఉంటుంది, ఎక్కగానే ఊగుతుంది. టెన్షన్ పడొద్దు. నడుము తిప్పి ఒక పక్కకి ఒరగండి, కొంత ఒరిగాక ఆ మడత నీళ్లని పట్టుకుని మిమ్మల్ని ఆపుతుంది. పైభాగం కూడా నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం సముద్రపు గాలి దాన్ని అంతగా తొయ్యలేదు. తలకిందులైనా, నేర్చుకున్నవాళ్లు తెడ్డుతోనే పైకి లేస్తారు. నాకు ప్రాణం ఈ పడవంటే.

అలాస్కా పక్కనున్న అల్యూషియన్ దీవుల కయాక్‌ని బైడార్కా అంటారు. దానికి చీలిన ముక్కు, గుండ్రానికి దగ్గరగా ఉండే అడుగు. పొడవాటి అలలమీద దూరాలు పోవడానికి అది. అలాస్కాకీ రష్యాకీ మధ్యనున్న బేరింగ్ జలసంధి వైపు కయాక్‌లు లోతుగా, వెడల్పుగా ఉంటాయి, సామాను పడుతుంది. కెనడా లోతట్టు సరస్సుల్లో ఈదే కారిబూ జింకల్ని తరిమినవి మరీ సన్నం, తేలిక. వేగమే వాటి బలం.

ఇప్పుడు పడవని వెల్లకిలా తిప్పి, చదును నేలమీద పెట్టి పక్క నుంచి చూడండి. రెండు కొసలూ బాగా పైకి లేచి ఉంటే చటుక్కున మలుపు తిరుగుతుంది, ఒడ్డు అలలకి బాగుంటుంది. నేలకి ఆనుకుని ఉంటే తిన్నగా పోతుంది.

చివరగా లోపల కూర్చోండి. గ్రీన్‌ల్యాండ్‌లో పడవ వెడల్పుకి కొలత, మనిషి తుంటికి రెండు పిడికిళ్లు కలపడం. తుంటికి చెరోపక్కా పిడికిలి పెట్టి చూడండి. అంతకన్నా బాగా వదులైతే, మీరు ఒరిగినా పడవ ఒరగదు.