పంట నష్టం వివరాలకు గూగుల్ ఫారమ్: ప్రశ్నల నుంచి పట్టిక వరకు
కోనసీమలో సార్వా (ఖరీఫ్) వరి మునిగినప్పుడు రైతుల వివరాలను గూగుల్ ఫారమ్‌తో సేకరించదలచినవారు, చివరకు తమకు కావలసిన పట్టికను ముందుగా కాగితంపై గీసుకుని, దానిలోని ఒక్కొక్క నిలువు వరుసకు ఒక్కొక్క ప్రశ్న రాసుకోవాలి. అల్లవరం, ఉప్పలగుప్తం వంటి మండలాల పేర్లను రైతుచేత టైపు చేయించక డ్రాప్‌డౌన్ జాబితాగా (నొక్కితే తెరుచుకుని, అందులోంచి ఎంచుకునే జాబితాగా) ఇస్తే, ఒకే పేరు నాలుగు రకాల స్పెల్లింగులతో వచ్చి చేరదు.

అసలు చిక్కు విస్తీర్ణం దగ్గరే వస్తుంది. ఒకరు "ఎకరన్నర" అనీ, మరొకరు "150 సెంట్లు" అనీ రాస్తే కూడిక సాగదు కనుక, ఆ గడిలో అంకెలను మాత్రమే స్వీకరించేలా నియమం పెట్టి, జవాబు సెంట్లలోనే ఇవ్వాలనీ, ఎకరానికి 100 సెంట్లనీ ప్రశ్న కిందనే తెలియజేయాలి. ఫొటోలు అడగకపోవడమే మేలని నా అభిప్రాయం. ఫైలు జతచేయాలంటే రైతు తన గూగుల్ ఖాతాలోకి లాగిన్ కావలసి ఉంటుంది, చేలగట్టు మీద నిలబడి పాస్‌వర్డ్ గుర్తుచేసుకునే ఓపిక ఎందరికి ఉంటుంది? ఆధార్ సంఖ్య కూడా నిజంగా అవసరమైతే తప్ప అడగరాదు.

సమాధానాలను గూగుల్ షీట్‌కు అనుసంధానించాక, మూల పట్టికను కదపకుండా దాని నకలులోనే సవరణలు చేయాలి. షీట్‌లో ఒక వరుసను తొలగించినా ఫారమ్‌లోని సమాధానం అలాగే నిలిచి ఉంటుంది కాబట్టి, వివరాలు పూర్తిగా చెరిపివేయమని రైతు కోరితే రెండు చోట్లా తొలగించాలి. గడువు ముగిసిన వెంటనే సమాధానాల స్వీకరణను నిలిపివేయాలి.