ఇంటర్లో పేపరు తప్పిన వారం: చూపు మార్చుకోవడం ఎలా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు ఏ ఇంట్లోనైనా ఒక పేపరు పోయిందంటే, చీకటి పడేలోపే చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. తెలంగాణలోని ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పినవాడిగా అలాంటి సాయంత్రాలను నేను దగ్గరనుంచి చూశాను. ఆ సమయంలో "దృక్పథం మార్చుకో" అని చెప్పేవాళ్లకు కొదవ ఉండదు గాని, అది ఎలా మార్చుకోవాలో కూర్చోబెట్టి చూపించేవాళ్లు అరుదు. ఇక్కడ చెప్పబోయేది ఆ పద్ధతే. ఇది పేపరు పోయిన విద్యార్థికి ఎంత అవసరమో తల్లిదండ్రులకూ అంతే అవసరం.

చూపు మార్చుకోవడమంటే జరిగిన నష్టానికి మంచి పేరు పెట్టుకోవడం కాదు. "అంతా మన మంచికే" అన్న మాట ఏడుస్తున్న పిల్లవాడికి తన బాధ ఎవరికీ పట్టలేదన్న భావననే మిగులుస్తుంది. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ కూడా ఎఫ్.ఏ. (ఆ రోజుల్లో ఇంటర్ లాంటిది) పరీక్ష తప్పారని గుర్తుచేసే పెద్దమనిషి ప్రతి ఇంటికీ ఒకరు వస్తారు. ఆ మాట నిజమే, ఆయన రెండుసార్లు తప్పారు. కానీ తాను రామానుజన్ కానని ఆ పిల్లవాడికి బాగా తెలుసు కాబట్టి, ఆ పోలికతో బరువు పెరుగుతుందే తప్ప తగ్గదు.

మొదటి రోజు ఈ పని మొదలుపెట్టవద్దు. ఆ రోజు చేయవలసినవి మూడే: అన్నం పెట్టడం, ఫోన్లను ఇంట్లో ఒకరే ఎత్తి రెండు మాటల్లో ముగించడం, పిల్లవాడిని ఒంటరిగా వదలకుండా, అలాగని ప్రశ్నలతో వేధించకుండా పక్కనే ఉండడం. మనసు మండుతున్నప్పుడు చెప్పే ఏ తర్కమైనా తిట్టులాగే వినిపిస్తుంది.

మర్నాడు ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు జరిగినది, కుడివైపు దాని గురించి మనసు ఇచ్చిన తీర్పు రాయాలి. ఏది ఎటు రాయాలో తేలకపోతే మార్కుల మెమో దగ్గర పెట్టుకోండి. మెమోలో కనిపించనిది ఎడమవైపుకు రాకూడదు. ఒకసారి నా విద్యార్థి ఒకడు రాసిన కాగితంలో ఎడమవైపు ఒక్కటే వాక్యం ఉంది: "మ్యాథ్స్ 1ఎ, 75కి 19." కుడివైపు మాత్రం చోటు చాలలేదు: "నేను దేనికీ పనికిరాను, ఒక సంవత్సరం పోయింది, నాన్న పరువు తీశాను."

ఇప్పుడు కుడివైపు మాటలను ఒక్కొక్కటిగా పట్టుకుని, దీనికి ఆధారమేమిటని అడగాలి. దేనికీ పనికిరానన్నవాడు మిగిలిన పేపర్లన్నీ పాసయ్యాడు. సంవత్సరం పోలేదు, ఎందుకంటే మొదటి సంవత్సరం పేపరు పోయినా రెండో సంవత్సరం తరగతులకు వెళ్లవచ్చు, పైగా తప్పిన పేపరు మళ్లీ రాసే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష అదే వేసవిలో ఉంటుంది. పరువు సంగతి మెమోలో తేలేది కాదు కాబట్టి, దాన్ని నాన్ననే అడగమన్నాను.

ఆ తర్వాత ఎడమవైపు వాక్యాన్నే ఇంకాస్త దగ్గరగా చూశాం. 75 మార్కుల ఆ పేపర్లో పాసవడానికి 26 కావాలి, అంటే వాడికి తక్కువైనవి 7. సెక్షన్ సిలో ఒక్కో పెద్ద ప్రశ్నకు 7 మార్కులు. వాడు పరీక్షలో వదిలేసినది సరిగ్గా అలాంటి ప్రశ్నే, మాట్రిసెస్‌లోది. 'ఫెయిల్' అన్న మాటతో ఏం చేయాలో ఎవరికీ తోచదు గాని, మాట్రిసెస్‌లో ఒక పెద్ద ప్రశ్నతో ఏం చేయాలో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. మార్కులు మారలేదు, కానీ వాడు చూస్తున్న వస్తువు మారింది.

ఈ పద్ధతి నా సొంతం కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960లలో, కుంగుబాటుతో వచ్చినవారి మనసుల్లో తమంతట తామే మెదిలే ఇలాంటి తీర్పులను గమనించి, వాటిని పట్టుకుని ఆధారాలతో సరిచూసుకోవడం నేర్పే చికిత్సను రూపొందించాడు. నేను చేసిందల్లా దాన్ని మార్కుల మెమోకు అన్వయించడమే.

కాగితం మీద కూడా తీర్పు వదలకపోతే, అదే మెమో ప్రాణస్నేహితుడిదైతే వాడితో ఏమనేవాడివని విద్యార్థిని అడగండి. ఆ జవాబునే తన పేరు పెట్టి తనకు తాను చెప్పుకోమనండి. మొదట నవ్వు వస్తుంది, రానివ్వండి.

తల్లిదండ్రులు తమ కాగితం విడిగా, పిల్లల కంట పడకుండా రాసుకోవాలి. నిజం చెప్పాలంటే, కష్టమైన భాగం ఇదే. కట్టిన ఫీజు, పక్కింటి పిల్ల మార్కులు, పెళ్లిలో ఎదురయ్యే ప్రశ్నలు అన్నీ వారి కుడివైపు చేరతాయి. వాటిలో పిల్లవాడు సరిచేయగలిగినది ఎంత, తాము మోయవలసినది ఎంత అని వేరుచేసుకున్నాకే వాడితో మాట్లాడాలి. పైన చెప్పిన విద్యార్థి పరువు మాట అడిగితే, వాళ్ల నాన్న చాలాసేపు మౌనంగా ఉండి, "సప్లిమెంటరీ ఫీజు డేట్ ఎప్పుడురా?" అన్నాడట.

అయితే కాగితంతో తీరనివి ఉన్నాయి. పిల్లలు రోజుల తరబడి నిద్రపోకపోయినా, తినకపోయినా, చనిపోవడం గురించి ఒక్క మాట అన్నా, ఈ పద్ధతులన్నీ పక్కన పెట్టి వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫలితాల రోజునే ఆ నంబరును ఇంట్లో అందరి ఫోన్లలో వేసి ఉంచండి.