కార్బొరేటర్ కారుతుంటే ఏటీవీకి సెల్ఫ్ కొట్టకండి

వానాకాలమంతా టార్పాలిన్ కింద పడి ఉన్న ఏటీవీలను, అంటే ఇసుకలో, మట్టిలో తిరిగే నాలుగు చక్రాల బండ్లను, సెలవుల సీజన్‌ ముందు బయటికి తీస్తారు. పెట్రోల్ కాక్ తిప్పగానే కింద టపటపా చుక్కలు. బీచ్‌ల దగ్గర, రిసార్టుల్లో తిరిగే 110, 125 సీసీ చిన్న బండ్లకు ఇది మామూలే. ‘నాలుగుసార్లు సెల్ఫ్ కొడితే అదే సర్దుకుంటుందిలే’ అనుకోవడమే అసలు ప్రమాదం.

ముందు కాక్ ఆఫ్ చేయండి. అది లేని బండైతే పైపును క్లిప్పుతో నొక్కిపెట్టండి. బండిని ఆరుబయటికి తోసుకురండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పాకుతుంది. మూసిన షెడ్డులో లైటు స్విచ్ రవ్వ కూడా చాలు. సైలెన్సర్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. పక్కన మంటలార్పే పౌడర్ సిలిండరో, పొడి ఇసుక బకెట్టో ఉండాలి. నీళ్లు పనికిరావు, పెట్రోల్ వాటి మీద తేలి మంట ఇంకా పరుచుకుంటుంది.

తర్వాత ఇంజిన్ ఆయిల్ మట్టం చూపే పుల్ల, డిప్‌స్టిక్ తీసి చూడండి. చాలామంది వదిలేసేది దీన్నే. కార్బొరేటర్ అడుగు గిన్నె (బౌల్) నిండగానే అందులో తేలే ఫ్లోట్ ఒక సూదిని నెట్టి పెట్రోల్ దారి మూస్తుంది. ఆ ఫ్లోట్ నీడిల్ సరిగా మూసుకోకపోతే పెట్రోల్ బయటికే కాదు, సిలిండర్‌లోకీ పోతుంది. అక్కడి నుంచి పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పై గీత దాటి, పల్చబడి, పెట్రోల్ వాసన కొడుతుంటే దాన్ని మార్చందే స్టార్ట్ చేయొద్దు. సిలిండర్ నిండా పెట్రోల్ ఉన్నప్పుడు సెల్ఫ్ కొడితే పిస్టన్‌ను పట్టుకున్న కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. కారుతున్న చుక్కల ఖర్చు దాని ముందు ఏపాటి?

ఇక కారేది ఎక్కడో పట్టుకోవాలి. కార్బొరేటర్‌ను పొడిగుడ్డతో తుడిచి, కాక్ తెరిచి, కళ్లు అక్కడే పెట్టండి. బౌల్ అతుకు చుట్టూ తడి వస్తే అక్కడి రబ్బరు ఉంగరం, ఓ-రింగ్ పోయినట్టు. పై నుంచి వస్తే పైపో, దాని క్లిప్పో. అడుగున సన్న గొట్టంలోంచి వస్తే వెంటనే ఫ్లోట్‌ను అనుమానించకండి. చాలా కార్బొరేటర్లలో బౌల్ ఖాళీ చేసే డ్రెయిన్ స్క్రూ, ఎక్కువైన పెట్రోల్ పోయే ఓవర్‌ఫ్లో రెండింటికీ దారి ఆ గొట్టమే. ముందు స్క్రూను మెల్లగా బిగించి చూడండి. అయినా ఆగకపోతే బౌల్‌ను స్క్రూడ్రైవర్ పిడితో రెండు దెబ్బలు తట్టండి. ఆగిందంటే నీడిల్ దగ్గర నలక ఇరుక్కుంది. అది తాత్కాలికమే, విప్పక తప్పదు.

విప్పినప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, క్లీనర్ స్ప్రే ఎటు చిమ్ముతుందో చెప్పలేం. రబ్బరు ముక్కల మీద అది పడనివ్వకండి, ఉబ్బిపోతాయి. ఫ్లోట్ పిన్‌ను బలవంతంగా కొట్టొద్దు, దాన్ని పట్టుకున్న కొమ్ములు పుటుక్కున విరుగుతాయి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఆడించండి. లోపల పెట్రోల్ చప్పుడైతే మార్చాల్సిందే. నీడిల్ కొన రబ్బరు మీద ఉంగరంలా గాడి పడి ఉంటే అదీ అంతే. నీడిల్ కూర్చునే రంధ్రాన్ని (సీటును) మాత్రం ఉప్పుకాగితంతో రుద్దకండి. ఇంత చిన్న సామాన్లకు కొత్త కార్బొరేటర్ కొనిపించే మెకానిక్ మాట వెంటనే నమ్మనక్కర్లేదు.

ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌లోని ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరుకూ పడదు. మళ్లీ నెలల తరబడి బండిని పక్కన పెట్టేటప్పుడు కాక్ ఆపి, బౌల్ ఖాళీ చేయండి.

అన్నీ బిగించాక కార్బొరేటర్ కింద పొడి కాగితం పరిచి, కాక్ తెరిచి పావుగంట వదిలేయండి. కాగితం తడవకపోతేనే బ్యాటరీ వైరు బిగించండి.