జర్మనీ మాస్టర్స్ దరఖాస్తు: అనాబిన్, ఏపీఎస్, యూని-అసిస్ట్‌లలో ఎవరి పని ఏది?

జర్మనీలో సీటు ఇచ్చేది యూనివర్సిటీయే. కానీ ఆ నిర్ణయానికి ముందూ వెనకా మీ కాగితాలు వేరే సంస్థల చేతుల్లోంచి వెళ్తాయి. ఎవరు ఏం చూస్తారో తెలియకపోతే, ఒకరిని అడగాల్సింది మరొకరిని అడుగుతూ గడువు దాటబెట్టుకుంటారు.

ముందు అనాబిన్ చూడండి. విదేశీ విద్యాసంస్థల గుర్తింపు వివరాలుండే జర్మన్ ప్రభుత్వ డేటాబేస్ ఇది, ఫీజేమీ లేదు. వెతకాల్సింది పట్టా ఇచ్చిన యూనివర్సిటీ పేరుతో. అనుబంధ కాలేజీ పేరు కొట్టి కనబడలేదని కంగారు పడొద్దు. ‘హెచ్ ప్లస్’ అని ఉంటే గుర్తింపు ఉన్నట్టు, ‘హెచ్ మైనస్’ అంటే లేనట్టు. ప్లస్, మైనస్ రెండూ ఉంటే విడిగా పరిశీలిస్తారు.

తర్వాత ఏపీఎస్, అంటే మన చదువు సర్టిఫికెట్లను పరిశీలించే జర్మన్ విభాగం. ఇది ఇచ్చే సర్టిఫికెట్ మన విద్యార్థుల స్టూడెంట్ వీసాకు 2022 నవంబర్ 1 నుంచి తప్పనిసరైంది. ఫీజు 18,000 రూపాయలు. మీ సర్టిఫికెట్లు అసలైనవేనా అన్నదే దీని ముఖ్యమైన పని. సీటు వస్తుందా రాదా అని వీళ్లను అడిగి లాభం లేదు. ఒకే సర్టిఫికెట్ అన్ని యూనివర్సిటీలకూ పనికొస్తుంది కాబట్టి అన్నిటికంటే ముందు దీనికే దరఖాస్తు పెట్టండి. మనవాళ్లకు చిక్కు పేర్లతోనే: టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. తేడా ఉంటే ముందే సరిచూసుకోండి.

యూని-అసిస్ట్ సుమారు 170 యూనివర్సిటీల తరఫున దరఖాస్తుల తొలి వడపోత చేస్తుంది. మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాతి ఒక్కోదానికి 30. డబ్బు అందేదాకా ఫైలు తెరవరు, సీటు రాకపోయినా తిరిగివ్వరు. పరిశీలనకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, కాబట్టి గడువుకు ఎనిమిది వారాల ముందే పంపండి.

మార్కులను జర్మన్ స్కేలుకు మార్చడంలోనే అసలు మెలిక. గరిష్ఠ గ్రేడులోంచి మీ గ్రేడు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ కనీస పాస్ గ్రేడుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలుపుతారు. పదికి 8 వచ్చి, పాస్ గ్రేడు 5 అయితే 2.2 వస్తుంది. పాస్ గ్రేడు 4 అయితే 2.0. అక్కడ అంకె తగ్గేకొద్దీ మంచిది. 2.0 దాకానే తీసుకునే కోర్సులో ఈ 0.2 తేడాతో సీటు పోవచ్చు. అందుకే గ్రేడింగ్ స్కేలు అచ్చేసిన మెమో వెనక పేజీని వదలకుండా స్కాన్ చేయండి.

అన్ని యూనివర్సిటీలదీ ఒకే దారి కాదు. ఆహెన్‌లోని ఆర్‌డబ్ల్యూటీహెచ్‌కు దాని సొంత పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీకి యూని-అసిస్ట్ ఇచ్చే వీపీడీ అనే పరిశీలన పత్రం తెచ్చుకుని, దరఖాస్తు మాత్రం నేరుగా యూనివర్సిటీ పోర్టల్‌లో పెట్టాలి. వీపీడీ చేతికి రాగానే పని అయిపోయిందనుకుని ఆ రెండో దరఖాస్తు మరిచిపోవద్దు.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్తున్నా అకౌంట్లన్నీ మీ సొంత ఈమెయిల్‌తోనే తెరవండి. కాగితం తక్కువైందని యూని-అసిస్ట్ పంపే మెయిల్ మీకే చేరాలి.