జర్మనీ ఉద్యోగంలో పని గంటలు, సెలవులు: తెలిసి అడగవలసిన హక్కులు

జర్మనీలో కొత్తగా ఉద్యోగంలో చేరేవారు ఒప్పందంలో జీతం అంకెను చూసినంత శ్రద్ధగా పని గంటల నిబంధనను, సెలవుల నిబంధనను కూడా చదవాలి. అక్కడి చట్టం ఉద్యోగికి గట్టి అండ ఇస్తుంది. అయితే అడగవలసినది సకాలంలో, రాతపూర్వకంగా అడిగినవారికే అది పూర్తిగా అక్కరకు వస్తుంది.

రోజుకు 8 గంటలు సాధారణ పరిమితి. ఆరు నెలల సగటు ఆ పరిమితిలోనే ఉండేటట్లయితే, ఒక్కొక్క రోజు 10 గంటల దాకా పనిచేయించవచ్చు. పని ఆరు గంటలు దాటితే 30 నిమిషాలు, తొమ్మిది గంటలు దాటితే 45 నిమిషాల విరామం తప్పనిసరి. ఒకనాటి పనికీ మర్నాటి పనికీ మధ్య సాధారణంగా 11 గంటల ఎడం ఉండాలి. అంటే అమెరికా బృందంతో సమావేశం రాత్రి పదింటికి ముగిస్తే, మర్నాడు ఉదయం తొమ్మిదికి ముందు పని మొదలుపెట్టకూడదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలలో తరచుగా మరుగున పడేది ఈ నియమమే కనుక, అటువంటి రోజుల వేళలను రాసిపెట్టుకోవడం మంచిది.

వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి ఏడాదికి కనీసం 20 రోజుల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. చట్టంలో కనిపించే 24 రోజులు ఆరు రోజుల వారానికి వేసిన లెక్క. చాలా ఒప్పందాలు ఇంతకంటే ఎక్కువే ఇస్తాయి. చేరిన ఆరు నెలలకు పూర్తి హక్కు వస్తుంది. ఆలోగా నెలకు పన్నెండో వంతు చొప్పున జమ అవుతుంది.

సంక్రాంతికి ఊరు వెళ్లదలచినవారు శరదృతువులోనే దరఖాస్తు పెట్టి, ఆమోదం చేతికి వచ్చాకే విమాన టికెట్లు కొనాలి. ఆమోదం లేకుండా వెళ్లిపోతే ఉద్యోగానికే ముప్పు. సంస్థ కూడా అత్యవసర కారణాలున్నప్పుడు, లేదా బడి పిల్లలున్న సహోద్యోగివంటి వారికి ప్రాధాన్యం ఇవ్వవలసి వచ్చినప్పుడు తప్ప కాదనడానికి వీల్లేదు. మిగిలిన సెలవు మామూలుగా డిసెంబరు 31తో ముగుస్తుంది. తగిన కారణం ఉంటే మార్చి 31 వరకు వాడుకోవచ్చు. అయితే సెలవు వాడుకోమని, లేకపోతే పోతుందని సంస్థ స్పష్టంగా హెచ్చరించకపోతే చట్టబద్ధమైన కనీస సెలవు రద్దు కాదని యూరోపియన్ న్యాయస్థానం 2018లో తేల్చింది.

సెలవులో ఉండగా, ఉదాహరణకు విజయవాడలో, జ్వరంతో మంచాన పడితే, వైద్యుడు ధ్రువీకరించిన రోజులు సెలవు ఖాతా నుంచి తగ్గవు. వెంటనే సంస్థకు ఈమెయిల్ పంపి, తానున్న చిరునామాను, ఎన్నాళ్లు కోలుకోలేరో తెలపాలి. ఆరోగ్య బీమా సంస్థకు కూడా చెప్పాలి. జర్మనీలో వైద్యుడి పత్రం 2023 నుంచి ఎలక్ట్రానిక్ పద్ధతిలో అందుతున్నా, భారత్‌లోని వైద్యుడి పత్రాన్ని ఉద్యోగే స్వయంగా సమర్పించాలి. అందులో రోగం పేరు ఉంటే చాలదు; ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేయలేని స్థితిలో ఉన్నారో వైద్యుడితో స్పష్టంగా రాయించుకోవాలి. అలా మిగిలిన రోజులను తిరుగు ప్రయాణానికి తామే కలుపుకోకూడదు. కోలుకున్నవారు ముందుగా ఆమోదం పొందిన తేదీకే పనిలో చేరి, ఆ రోజులకు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.