మెక్సికో తీరంలో స్థలం కొనే విదేశీయులు ముందుగా చూసుకోవలసినవి

మెక్సికో రాజ్యాంగంలోని 27వ అధికరణం ప్రకారం సముద్రతీరం నుంచి 50 కిలోమీటర్లు, దేశ సరిహద్దుల నుంచి 100 కిలోమీటర్ల లోపున్న భూమిపై విదేశీయులు నేరుగా యాజమాన్య హక్కు పొందలేరు. కాన్‌కూన్, తులుమ్, ప్వెర్తో వయార్తా, లాస్ కాబోస్ వంటి తీర పట్టణాలన్నీ ఈ పరిధిలోకే వస్తాయి. ఈ నిషేధం చూసి చాలామంది భయపడతారు కానీ, దానికి చట్టమే ఒక దారి చూపింది. కొనుగోలుదారుల సొమ్ము ఎక్కువగా మునిగేది అమ్మేవాడికి ఆ భూమిపై అసలు హక్కు ఉందో లేదో తేల్చుకోకపోవడం వల్లే.

ముందుగా ఆ దారి సంగతి చూద్దాం. 1993 నాటి విదేశీ పెట్టుబడుల చట్టం కింద మెక్సికో బ్యాంకు ఒకటి విదేశాంగ శాఖ అనుమతి తీసుకుని, ట్రస్టీగా భూమిని తన పేరిట రిజిస్టరు చేయించుకుంటుంది. ఫిదెయికొమీసో అనే ఈ ట్రస్టులో కొనుగోలుదారు లబ్ధిదారుగా ఉంటాడు. అతను ఆ ఇంట్లో ఉండవచ్చు, అద్దెకివ్వవచ్చు, అమ్ముకోవచ్చు, తన తదనంతరం హక్కు ఎవరికి చెందాలో ట్రస్టు పత్రంలోనే రాయించుకోవచ్చు. గడువు 50 ఏళ్లు, ఆ తర్వాత పొడిగించుకోవచ్చు. బ్యాంకుకు ఏటా కొన్ని వందల డాలర్ల రుసుము చెల్లించాలి. మెక్సికోలో కంపెనీ పెట్టి ఆ పేరిట కొనడం రెండో మార్గం. అయితే అది హోటలు, దుకాణం వంటి నివాసేతర అవసరాలకు మాత్రమే చెల్లుతుంది కాబట్టి, సొంతిల్లు కట్టుకోవాలనుకునేవారికి కంపెనీ పెట్టమని సలహా ఇచ్చే ఏజెంటును నమ్మకపోవడమే మంచిది. స్థానికుడి పేరు మీద కొని, విడిగా ఒప్పందం రాసుకునే బినామీ పద్ధతికి చట్టరక్షణ లేదు. పేరు అరువిచ్చినవాడు చనిపోయినా, మనసు మార్చుకున్నా కొన్నవాడి చేతిలో మిగిలేదేమీ ఉండదు.

ట్రస్టు ఎంత పక్కాగా ఉన్నా దాని అడుగున ఉన్న హక్కు చెడితే అదీ నిలవదు. ఇక్కడే ఎహీదో భూముల సంగతి తెలుసుకోవాలి. మెక్సికో విప్లవం తర్వాత జరిగిన భూసంస్కరణల్లో గ్రామసమూహాలకు ఉమ్మడిగా ఇచ్చిన భూములివి. చాలా తీరప్రాంతాల్లో ఖాళీగా, చవకగా కనిపించే స్థలాలు ఈ కోవకు చెందినవే. 1992 సవరణల దాకా వీటిని అమ్మడానికే వీలుండేది కాదు. ఆ తర్వాత కూడా గ్రామసభ తీర్మానం, జాతీయ వ్యవసాయ భూముల రిజిస్ట్రీలో మార్పు, కొత్త ప్రైవేటు హక్కు పత్రం జారీ అనే దశలన్నీ పూర్తయ్యేదాకా అది విదేశీయుడు కొనదగిన భూమి కాదు. అమ్మేవాళ్లు చూపేది తరచుగా హక్కుల బదిలీ కాగితమో, గ్రామ కమిటీ అధ్యక్షుడి సంతకమున్న అనుభవ ధ్రువీకరణో అయి ఉంటుంది. అసైన్డ్ భూమిని సాదా బైనామాతో కొన్నవారి అగచాట్లు చూసిన తెలుగువారికి ఇందులోని ప్రమాదాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. “ఇప్పుడు స్వాధీనం చేసుకోండి, ప్రైవేటు భూమిగా మార్పిడి అయ్యాక ట్రస్టు పెట్టుకుందాం” అనే మాట వినిపిస్తే బేరం అక్కడితో ఆపేయాలి.

మార్పిడి పూర్తయిన భూమిలోనూ ఒక మెలిక ఉంది. ఎహీదో సభ్యుడు తొలిసారి అమ్మేటప్పుడు అతని కుటుంబసభ్యులకు, ఏడాదికి పైగా ఆ భూమిని సాగు చేసినవారికి, తోటి సభ్యులకు ముందుగా కొనే హక్కును వ్యవసాయ చట్టం ఇచ్చింది. వారికి నోటీసు వెళ్లి 30 రోజుల గడువు ముగియకపోతే ఆ అమ్మకాన్ని రద్దు చేయించవచ్చు. కాబట్టి హక్కు పత్రంతో పాటు ఆ నోటీసుల రుజువులనూ అడగాలి. బాహా కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఎన్సెనాదా పట్టణం దగ్గరి పుంటా బండాలో ఎహీదో ద్వారా వచ్చిన హక్కులను నమ్మి ఇళ్లు కట్టుకున్న అమెరికన్లు, ఆ భూమి వేరే ప్రైవేటు యజమానులదని సుప్రీంకోర్టు తేల్చడంతో, 2000 అక్టోబరులో ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. తులుమ్‌లో 2016 జూన్‌లో భూవివాదం వల్లే తీరం వెంబడి హోటళ్లను ఖాళీ చేయించారు.

పత్రాల పరిశీలనలో కీలకమైనవాడు నొతారియో. మన కోర్టు ఆవరణలో ముద్ర వేసే నోటరీతో ఇతన్ని పోల్చకూడదు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన సీనియర్ న్యాయవాది ఇతను. రిజిస్ట్రీ నుంచి తనఖాలు, జప్తులు లేవన్న ధ్రువపత్రం తెప్పించడం, పన్ను బకాయిలు చూడడం, దస్తావేజు రాయడం, బదిలీ పన్ను వసూలు చేయడం ఇతని పనులు. అయినా అతను రెండు పక్షాలకూ తటస్థుడు కాబట్టి, అమ్మేవాడితో సంబంధం లేని సొంత న్యాయవాదిని విడిగా పెట్టుకుని, లింకు పత్రాలను మూలం దాకా చదివించాలి. దేశమంతటా వర్తించే ఏజెంట్ల లైసెన్సు విధానం లేదు గనుక ఏజెంటు ఇచ్చే భరోసాను ఈ పరిశీలనకు బదులుగా తీసుకోకూడదు. బయానా సొమ్ము కూడా నేరుగా అమ్మేవాడి ఖాతాలో వేయకుండా, షరతులు నెరవేరాకే విడుదలయ్యేలా మూడోపక్షం వద్ద ఉంచాలి.

పన్ను తగ్గుతుందని దస్తావేజులో తక్కువ ధర వేయించమని అడిగితే ఒప్పుకోకూడదు. రేపు తిరిగి అమ్మినప్పుడు కాగితం మీది లాభం పెరిగి, ఆ భారమంతా కొన్నవాడి మీదే పడుతుంది.

“బీచ్ ముందరి స్థలం” అన్న ప్రకటనలోనూ పరిశీలించవలసిందొకటుంది. సముద్రపు పోటు గరిష్ఠంగా చేరే గీత నుంచి లోపలికి 20 మీటర్ల భూమి సమాఖ్య ప్రభుత్వానిది, దాన్ని ఎవరూ కొనలేరు. పర్యావరణ శాఖ నుంచి వాడుక అనుమతి మాత్రం పొందవచ్చు. అమ్మేవాడి పేరిట అనుమతి ఉంటే దాని గడువు, బకాయిలు, బదిలీకి శాఖ అంగీకారం చూసుకోవాలి. కొలతల్లో ఆ 20 మీటర్లనూ కలిపి ధర కడుతున్నారేమో సర్వేయరు చేత తేల్చుకోవాలి. స్థలంలో మడ చెట్లుంటే ఇల్లు కట్టే ఆశ వదులుకోవడమే మేలు, ఎందుకంటే 2007 నుంచి వన్యప్రాణి చట్టం వాటిని తొలగించడాన్ని నిషేధించింది.

భారత్‌లో నివసిస్తూ కొనేవారు రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 2,50,000 డాలర్ల వరకే పంపగలరు. అమెరికాలో పన్ను కట్టే తెలుగువారు ఈ తరహా ట్రస్టును విదేశీ ట్రస్టుగా చూపాలేమోనని కంగారు పడేవారు. సాధారణ మెక్సికో భూమి ట్రస్టును అలా పరిగణించబోమని అమెరికా పన్నుల శాఖ 2013లో స్పష్టం చేసింది. అయితే ఆ ఇంటిమీద వచ్చే అద్దెను మాత్రం రెండు దేశాల్లోనూ చూపించాలి.