మహిళా ఎడిటర్ జీవితం రాస్తున్నారా? పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి

పుట్టిన ఊరు, చదువు, పెళ్లి, అవార్డులు అని వరసగా పేర్చుకుంటూ పోతే అది బయోడేటా అవుతుంది. ముందు ఒక్క విషయం తేల్చుకోండి: పత్రికలో ఆమె వాటా ఎంత, అది ఎలా వచ్చింది? జీతానికి రాయడం వేరు, సొంత డబ్బు పెట్టి రాయడం వేరు.

అమెరికాలో నల్లజాతి పత్రిక నడిపిన ఎడిటర్ ఐడా బి. వెల్స్‌నే తీసుకోండి. 1862లో మిసిసిపీలో బానిస కుటుంబంలో పుట్టింది. మెంఫిస్‌లో టీచరుగా పనిచేస్తూ 1889లో 'ఫ్రీ స్పీచ్' పత్రికలో మూడో వంతు వాటా కొనుక్కుంది. నల్లజాతి పిల్లల బడులు ఎంత అధ్వానంగా ఉన్నాయో అందులో రాసేసరికి 1891లో ఉద్యోగం ఊడింది. ఇక పత్రిక అమ్ముడుపోతేనే బతుకు. చదువురాని వాళ్లు కూడా దాన్ని కొని పక్కవాళ్లతో చదివించుకునేవాళ్లు, కానీ రైళ్లలో పేపర్లు అమ్మేవాళ్లు అదే ఇదని చెప్పి వేరే పత్రిక అంటగట్టేవాళ్లట. దాంతో ఐడా 'ఫ్రీ స్పీచ్'ని గులాబీ రంగు కాగితం మీద అచ్చు వేయించింది, చూడగానే గుర్తుపట్టేలా. ఇలాంటి వివరం ఒక్కటి దొరికితే రెండు పేజీల పొగడ్త కొట్టేయొచ్చు, మొహమాటపడకండి.

దెబ్బ తగిలిన చోట కన్నీళ్లు పెట్టించడానికి చూడొద్దు. 1892 మార్చిలో కిరాణా కొట్టు నడిపే ముగ్గురు నల్లవాళ్లను మూక చంపేసింది, అందులో ఒకడు ఐడాకి దగ్గరి స్నేహితుడు. ఇలాంటి మూకహత్యల వెనకున్న అబద్ధాలను ఆమె బయటపెడితే, మేలో ఆమె ఊళ్లో లేనప్పుడు పత్రిక ఆఫీసు ధ్వంసం చేశారు. తర్వాత ఏం చేసిందన్నదే మీ వ్యాసానికి ప్రాణం: తన చందాదారుల జాబితా ఇచ్చి, బదులుగా నల్లవాళ్ల పత్రిక 'న్యూయార్క్ ఏజ్'లో వాటా తీసుకుంది! 1895లో మూకహత్యల మీద పుస్తకం వేసినప్పుడు లెక్కలన్నీ తెల్లవాళ్ల పత్రిక 'షికాగో ట్రిబ్యూన్' నుంచే తీసింది, కల్పించావని ఎవరూ అనలేకుండా. మీరూ ఆ కాలంలో ఆమెను తిట్టిన పత్రికలు వెతకండి, అభిమానులు రాసినవాటి కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.

పెళ్లి రాయొద్దని కాదు. అదే 1895లో షికాగో లాయర్ ఫెర్డినాండ్ బార్నెట్‌ని చేసుకుని, ఆయన పత్రిక 'కన్జర్వేటర్'ని తన చేతిలోకి తీసుకుంది. పెళ్లి ముచ్చట అంతవరకు చాలు.

అవార్డులు ఆఖర్న. ఐడా చనిపోయింది 1931లో, అమెరికాలో జర్నలిజానికి పెద్ద అవార్డు పులిట్జర్ వాళ్ల ప్రత్యేక గౌరవం వచ్చింది 2020లో. ఆ రెండు సంవత్సరాలూ పక్కపక్కన రాసి ఆపేయండి.